నాయన బార

మా కొత్త ఇంటి హాలుకు ఎట్లాంటి సీలింగ్ కావాలో నాయన ఫోన్లో బొమ్మ చూపించాడు. స్పెయిన్‌లో ఒకప్పుడు మూర్లనే ముస్లిం రాజులు కట్టిన పాత మేడ పైకప్పు అది. ఎనిమిది మొనల నక్షత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని, గోడ నుంచి గోడకు వల కన్నుల్లా అల్లుకుని ఉన్నాయి. నాయనకు నచ్చింది అదే అనుకుంటాను.

వాకాడు పక్కన మా ఊళ్లో పెద్దవలకు ఇంటికొక ముక్క. అన్నీ కలిపి కుట్టి సముద్రంలో వేస్తారు. ముక్కలు సమానమైతేనే చేపల్లో వాటాలు సమానం. ముప్పై ఏళ్లుగా ఆ ముక్కలన్నీ చేతులు బారచాపి కొలిచేది మా నాయన చిన్నపోలయ్యే. ఆయన కొలిచాక ఇంకెవరూ కొలవరు.

హాలునూ అలాగే కొలిచి, మూడు బారల పొడుగు, మూడు బారల వెడల్పు అని నెల్లూరులో సీలింగ్ పలకల అంగడికి ఫోన్ చేశాడు. బారంటే ఆరడుగులు కదా అని వాళ్లు రెండడుగుల నక్షత్రపు పలకలు వరసకు తొమ్మిది లెక్కన ప్లాస్టర్‌తో అచ్చుపోసి పంపారు.

బిగించడానికి వచ్చిన సుశీల్ కుమార్ ఒక గోడ నుంచి మొదలుపెట్టి ఎనిమిది ఎక్కించాడు. తొమ్మిదో దానికి జానెడు చోటు కూడా మిగల్లేదు. టేపు తీసి హాలు కొలిచాడు. తర్వాత నాయనను చేతులు చాపమని ఆ బారా కొలిచాడు.

"ఐదున్నర అడుగులే అన్నా."

నాయన పొట్టి మనిషని ఊరందరికీ తెలుసు. బార కూడా పొట్టిదని ఎవరికీ తోచలేదు.

అరుగు మీద కూర్చున్న ఓబులేసు మామ విన్నాడు. పెద్దవలలో ఆయనదీ ఒక ముక్క. లేచి వెళ్లిపోయాడు. నాయన చేతులు దించడానికి కొంచెంసేపు పట్టింది. అమ్మ టీ ఇస్తే తాగలేదు.

"ఇంక నన్ను కొలవమని ఎవురూ పిలవరు" అన్నాడు. అడ్డమొచ్చిన నక్షత్రాలను కోసెయ్యమని సుశీల్ కుమార్‌కు చెప్పాడు.

మరునాడు పొద్దున ఓబులేసు మామ కొత్త వల చుట్ట భుజాన వేసుకుని నేరుగా హాల్లోకి వచ్చాడు. నాయన సుశీల్ కుమార్ దగ్గర టేపు అడిగి తీసుకున్నాడు.

"అది ఇచ్చెయ్ బావా" అన్నాడు మామ. "దాంతో కొలిస్తే నా ముక్క ఊరందరికన్నా పొడుగొస్తాది. ఆ కొట్లాట నేను పడలేను. నీ పొట్టి చేతులే కావాల."

నాయన టేపు ఇచ్చేసి, వల అంచు పట్టుకుని చేతులు చాపాడు. పైన సుశీల్ కుమార్ తొమ్మిదో నక్షత్రాన్ని రంపంతో కోస్తున్నాడు. తెల్లటి పొడి ఇద్దరి నెత్తినా రాలుతోంది. నాయన లెక్క ఆపలేదు.