మూడోసారి రాయని పరీక్ష

పిల్లలు క్లాసులకు రావడం బాగా తగ్గిపోయాక ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ హెడ్డుకు ఒక ఆలోచన తట్టింది. "వాళ్ళు మన దగ్గరికి రారు. మనమే వాళ్ళ చెవుల్లో దూరదాం" అంటూ, పాడ్‌కాస్ట్ పని తీసుకొచ్చి ఆప్టిక్స్ చెప్పే లెక్చరర్ నెత్తిన పెట్టాడు. ఫొటోలు కడిగే రోజులు పోయి ఖాళీగా పడివున్న డార్క్‌రూములో, గోడలకు పాత దుప్పట్లు వేలాడగట్టి, అతను వారానికొక పావుగంట మాట్లాడేవాడు. కాంతి గురించి చెప్పిన మొదటి రెండు భాగాలూ ముప్పైమంది కూడా వినలేదు. మూడోదాంట్లో మాత్రం, నోరు జారిందో మనసే జారిందో, "నేను కూడా ఆప్టిక్స్‌లో రెండుసార్లు తప్పాను" అనేశాడు.

అన్నాక ఆగలేకపోయాడు. మార్కుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెప్పుకింద దాచడం, ఇంటికెళ్ళే ధైర్యం లేక ఆఖరి స్టాపు దాకా పోయి అదే బస్సులో వెనక్కి రావడం, మూడోసారి రాసి గట్టెక్కడం. అంతా తడుముకోకుండా చెప్పాడు. వారం తిరక్కుండా కాలేజీ అంతా విన్నది. మొహం తిప్పుకుపోయే పిల్లలు వరండాలో ఆగి నమస్కారాలు పెట్టసాగారు.

నిజానికి అతను జన్మలో ఏ పరీక్షా తప్పలేదు. తప్పింది అక్క. చెప్పుకింద కాగితం అక్కది, బస్సు ప్రయాణం అక్కది. ఆ మూడోసారి మాత్రం ఎవరిదీ కాదు. అక్క రాయనేలేదు.

ప్రతి నమస్కారానికీ అతనికి వీపు మీద చెమట పట్టేది. ఆ సిగ్గు అడుగున సన్నగా ఒక తియ్యదనం కూడా ఉండేది. అతనికి అసలు సిగ్గు దాని గురించే.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం రెండో ఏడాది అమ్మాయి ఒకతె హాల్‌టికెట్టు పట్టుకుని అతని గదికి వచ్చింది. ఆప్టిక్స్‌లో రెండుసార్లు తప్పిన పిల్ల.

"సార్, ఒక్కటే అడుగుతాను. పేపరు చేతికి రాగానే నాకు కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. మూడోసారి మీరు హాల్లో కూర్చుని ఏం చేశారో చెప్పండి. నేనూ అదే చేస్తాను. లేదంటే రేపు వెళ్ళనే వెళ్ళను."

రెండు మంచి అబద్ధాలు అతని నాలుక చివరకు వచ్చాయి. రాసుకోవడానికి ఆ పిల్ల నోట్సు తెరవడం చూశాక రెంటినీ మింగేశాడు.

"నేను తప్పలేదమ్మా. తప్పింది మా అక్క. మూడోసారి ఆవిడ రాయలేదు."

ఆ పిల్ల తలెత్తింది. "అంటే మీరెప్పుడూ ఫస్టేనా?"

"అవును."

"భలే చెప్పారు సార్. నేను ఏడ్చాను కూడా." నోట్సు మూసేసింది. "ఆవిడ ఎందుకు రాయలేదు?"

"తెలీదు" అన్నాడు. ఇంత సిగ్గుపడుతూ కూడా ఇంకో అబద్ధం!

"ఎవరో ఏదో అనుంటారు లెండి. మా ఇంట్లో తమ్ముడొకడున్నాడు, టాపర్‌గాడు. అమ్మ తిట్టినా దులిపేసుకుంటాను. వాడు జాలిపడ్డాడా, కాళ్ళూ చేతులూ ఆడవు." లేచి నిలబడింది. "సరే, మూడోసారి ఎలా ఉంటుందో రేపు నేనే చూసుకుంటాను."

ఆమె వెళ్ళాక అతనికి ఆ పాత రోజు కళ్ళముందుకు వచ్చింది. అక్క మూడోసారి పరీక్ష ఫారం నింపుతోంది. పక్కనే పదిహేడేళ్ళ తను. "వదిలెయ్యక్కా, ఇది నీవల్ల కాదు. నేను చదువుతున్నాను కదా" అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఫోన్ చేశాడు. టైలరింగ్ షాపులో మిషన్ చప్పుడు మధ్య అక్క గొంతు హుషారుగానే వచ్చింది.

"ఏరా, పెద్దవాడివైపోయావట? నేనూ విన్నాన్లే. మూడోసారి నా బదులు నువ్వు రాసి పాసయ్యావు. పార్టీ ఎప్పుడు?"

"అక్కా, నువ్వు ఫారం నింపుతున్న రోజు నేనొక మాటన్నాను."

మిషన్ ఆగింది.

"నీకు గుర్తులేదనుకున్నాను" అంది అక్క.

"అది తప్పు మాటక్కా. నాకు అద్దాలూ కటకాలూ మొదట నేర్పిందే నువ్వు. రాసుంటే పాసయ్యేదానివి."

"ఏమోరా. అంత ప్రేమగా చెప్పావు, నిజమే కాబోలనుకున్నాను."

"ఈ వారం పాడ్‌కాస్ట్‌లో జరిగిందంతా చెప్పేస్తానక్కా."

"చెప్పి? దానికి కూడా దండాలు పెట్టించుకుంటావా?"

తను కోరుకుంటున్నది సరిగ్గా అదేనని ఆ మాట వినేదాకా అతనికి తెలియలేదు.

"తీసెయ్ దాన్ని. ఊరికే తీసెయ్" అంది అక్క. మిషన్ మళ్ళీ మొదలైంది.

ఆ సాయంత్రమే మూడో భాగాన్ని తీసేశాడు. ఎందుకు తీశాడో ఎక్కడా రాయలేదు. రాయకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు.