మొదటి సంచికి పూజ

వినయ్ తన సాఫ్ట్‌వేరు కంపెనీ అమ్మేసి బంగారం వెతికే కంపెనీ పెట్టాడు. గని ఇంకా లేదు. అనంతపురం వైపు ఒక కొండ ఉంది, దానికి బోరు వేసి తీసిన రాళ్లు రెండు సంచులున్నాయి, కొండాపూర్‌లో అద్దాల ఆఫీసుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు గోడమీద బంగారు కడ్డీల బొమ్మ కూడా ఎక్కింది.

ఆ రాయిలోంచి బంగారం సులువుగా బయటికొస్తుందో లేదో తేల్చడం కృష్ణప్రియ పని. రాయిని పిండి చేసి నీళ్లలో జాడిస్తే, బరువైన బంగారం పళ్లెం అడుగున మిగలాలి. ఆమె సొంతంగా సంతకం పెట్టబోయే మొదటి రిపోర్టు ఇదే. ఇది తప్పని తేలితే ఇక ఈ రంగంలో ఆమె మాటకు విలువుండదు.

మొదటి సంచి పిండి జాడించగానే పళ్లెంలో పచ్చగా మెరిసింది. వినయ్ ఆఫీసంతటికీ స్వీట్లు పంచి, పెట్టుబడి పెట్టేవాళ్లకు ఫోన్లు చేశాడు. కృష్ణప్రియ కూడా ఎగిరి గంతేసింది, అబద్ధమెందుకు. తీరా మైక్రోస్కోపు కింద పెడితే, ఆ మెరుపుల్లో ఒకటి పూరేకులా ఉంది, అంచున నగిషీ గీతలతో సహా! కొండకు కంసాలి పని ఎవరు నేర్పారో ఆమెకు అంతుబట్టలేదు. అనుమానం తీరక రెండో సంచి కూడా జాడించింది. బూడిదరంగు ఇసుక తప్ప ఏమీ మిగలలేదు.

ఆఫీసులో పూజలన్నీ చేసే వినయ్ తల్లి పద్మావతమ్మను అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. మొదటి సంచి ఆఫీసుకు వచ్చిన రోజున పసుపు కుంకుమ పెట్టి, దేవుడి దగ్గరి బంగారు పువ్వును అందులో వేసిందట.

"ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో నవరత్నాలు ఎయ్యమా పాపా? ఇదీ అట్లే కదా" అని ఎదురు అడిగింది.

సంగతి చెబితే వినయ్ తల పట్టుకుంటాడనుకుంది కృష్ణప్రియ. అతను లేచి తలుపు వేశాడు. రెండో సంచి విషయం తర్వాత చూసుకోవచ్చని, వచ్చేవాళ్లకు మొదటిది చాలని, అందులోంచి బంగారం వచ్చిన మాట నిజమే కాబట్టి సంతకానికి అడ్డేముందని నచ్చజెప్పాడు. నిజాన్ని ఇంత శుభ్రంగా జాడించడం ఆమెకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. ఒళ్లు మండింది. అయినా పెట్టనని అనడానికి నోరు రాలేదు.

మర్నాడు కొత్తగూడ నుంచి, పెట్టుబడి పెట్టబోయే ఆంజనేయులు తన భాగస్వాములతో వచ్చాడు. పొలాలు ఫ్లాట్లయిన రోజుల్లో పైకొచ్చిన మనిషి. వినయ్ తెరమీద పళ్లెం ఫొటో చూపిస్తుంటే, పద్మావతమ్మ ప్రసాదం పంచుతూ, తను వేసిన పువ్వు ఎంత బాగా ఫలించిందో సంతోషం పట్టలేక పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ఆంజనేయులు ప్రసాదం కళ్లకద్దుకుని తిని, చెయ్యి తుడుచుకుని కృష్ణప్రియ వైపు తిరిగాడు.

"పువ్వు తీసేస్తే ఎంతొచ్చింది బిడ్డా?"

వినయ్ ఆమెనే చూస్తున్నాడు. సంతకం లేని రిపోర్టు ఆమె ముందే ఉంది.

"ఏం రాలే సార్."

"మరి అమ్మ ఏసిన పువ్వన్న మొత్తం వచ్చిందా?"

"సగమే దొరికింది సార్" అంది కృష్ణప్రియ.

అప్పుడు గానీ పద్మావతమ్మ ముఖం వాడిపోలేదు.