పన్నెండో ఏటి ఛాంపియన్

ఇండోర్ టెన్నిస్ టోర్నమెంటుకు ముప్పై ఏళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర రాసిపెట్టమని క్లబ్బు కార్యదర్శి రిటైరైన అంపైరమ్మను అడిగాడు. మొదటి ఏడు నుంచీ ఫైనల్సులో అంపైరు ఎత్తు కుర్చీ ఎక్కింది ఆవిడే. సంబరంగా ఒప్పుకుంది.

మూడు రోజులు స్టోర్ రూములో కూర్చుంది. చెమ్మ పట్టిన తివాచీల కంపు, పాత బంతుల రబ్బరు వాసన గొంతులో పట్టుకున్నాయి. మొదటి కప్పు గెలిచిన బస్సు కండక్టరు, వరసగా నాలుగేళ్లు కప్పు ఎత్తుకుపోయిన పళ్ల డాక్టరు, చీలమండ బెణికినా మూడు సెట్లూ ఆడి నెగ్గిన లెక్కల టీచరు, ఒక్కొక్కరే కాగితం మీదికెక్కారు. పన్నెండో ఏడు దగ్గర చెయ్యి ఆగింది.

ఆ ఫైనల్లో, అందరూ ఎడంచెయ్యి అని పిలిచే ఆటగాడు ఆఖరి సెట్టులో ఐదు–రెండుతో ముందుండగా హాల్లో దీపాలు పోయాయి. మిగతా ఆట మర్నాటికి వాయిదా పడింది. ఉదయం తొమ్మిదికి అతను రాలేదు. పావుగంట చూసి, అవతలివాడు గెలిచినట్టు ఆవిడే సంతకం పెట్టింది. ఆ అవతలివాడే ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు.

ఆ ఏటి ఫైలులో మర్నాటి ఆటకు పంపిన నోటీసు నకళ్లు రెండున్నాయి. అధ్యక్షుడికి పంపినదాంట్లో ఆట తొమ్మిదికి. ఎడంచెయ్యికి పంపినదాంట్లో పదకొండుకి. రెంటి కిందా ఇదే కార్యదర్శి సంతకం. ఆవిడ రెండూ సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

ఎడంచెయ్యి ఇప్పుడు రాకెట్లకు స్ట్రింగులు బిగించే దుకాణం నడుపుతున్నాడు. కాగితం ముందు పెడితే పని ఆపకుండానే చూశాడు.

"నాకిచ్చింది ఇదేనక్కా. పదిన్నరకి వచ్చేసరికి కప్పు కూడా ఇచ్చేశారు."

"నాతో ఒక్క మాట చెప్పొద్దూ?"

"మీకూ తెలుసనుకున్నా. సంతకం మీదేగా."

పద్దెనిమిదేళ్లుగా తన గురించి ఇతను అలా అనుకుంటున్నాడు. ఆవిడకి తన చేతిని చూసుకుంటేనే రోత పుట్టింది.

"ఎందుకు రాలేదో కనుక్కోవాల్సిన పని నాది" అంది. అతను ఇంకో స్ట్రింగు లాగి బిగించాడు.

జరిగింది జరిగినట్టే రాసిచ్చింది. కార్యదర్శి చదివి, ఆ కాగితం మీదే టీ కప్పు పెట్టుకున్నాడు. "పాత సంగతులు ఇప్పుడెందుకండీ తవ్వడం? ఆయన మన హాలుకు కొత్త రూఫు వేయిస్తున్నారు" అన్నాడు నవ్వుతూ. బిస్కట్ పొడి అంటిన ఆ పెదాల వైపు చూడలేక ఆవిడ లేచి వచ్చేసింది.

పుస్తకం అచ్చయింది. పన్నెండో ఏటి పేజీలో "హోరాహోరీ పోరులో అధ్యక్షులవారి అపూర్వ విజయం" అని ఉంది. రాసినవారని అట్ట మీద ఆవిడ పేరే వేశారు.

ముప్పై ఏళ్ల పండగ సభ రోజున గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వాక్యం కొట్టేసి, "తప్పుడు టైము చెప్పి ప్రత్యర్థిని రాకుండా చేశారు" అని రాసి, సంతకం పెట్టి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు అందించసాగింది. అరవై పుస్తకాలు వెళ్లాక కార్యదర్శి పరుగున వచ్చాడు.

"క్లబ్బు పరువు తీస్తున్నారు" అన్నాడు పళ్లు బిగించి.

"నా సంతకంతోనే కదయ్యా ఆ కప్పు కొట్టేశారు. ఇదీ నా సంతకమే."

అవతల అధ్యక్షుడు చెయ్యి చాపితే, పళ్ల డాక్టరు పుస్తకంలోంచి తలెత్తకుండా పక్కకు తప్పుకుని వెళ్లిపోయాడు.

క్లబ్బు ఆవిడ సభ్యత్వం తీసేసింది. ఛాంపియన్ల బోర్డు మీద పేరు మాత్రం మారలేదు.

వారం తర్వాత ఎడంచెయ్యి ఆవిడ ఇంటికొచ్చాడు. చేతిలో ఆ అరవైలో ఒకటుంది.

"మా ఆవిడకి చూపించానక్కా. ఇన్నేళ్లూ నేను నిద్ర లేవక కప్పు పోగొట్టుకున్నాననే అనుకుంది."

కూర్చోమంటే, షాపు తెరవాలని వెళ్లిపోయాడు.