తోటలో మైకు వదిన

ఇంట్లో అందరూ ఆమెను మైకు వదిన అంటారు. వంటింట్లో ఆమె గొంతెత్తితే వీధి చివర మనిషి ఉలిక్కిపడాల్సిందే. అలాంటి మనిషికి, ఏం రాత రాశాడో ఏమో దేవుడు, సీతాకోకచిలుకల తోటలో కాపలా ఉద్యోగం దొరికింది. అక్కడ అరవకూడదు. ఎక్కడినుంచో వేల మైళ్లు ఎగిరొచ్చిన సీతాకోకలు కొమ్మలకు గుత్తులుగా వేలాడుతూ, ఒంట్లో దాచుకున్న కాస్త కొవ్వుతోనే చలికాలమంతా నెట్టుకొస్తాయి. బెదిరి ఎగిరాయంటే ఆ కాస్తా కరిగిపోతుంది, తిరుగు ప్రయాణానికి ఏమీ మిగలదు.

ఆదివారం మరిది పిల్లల్ని వెంటేసుకుని వచ్చాడు. గేటు దగ్గరే ఆమె వేలు చూపించింది.

"నోరు మెదిపారంటే బయటికి పంపించేస్తా. నీకే చెప్తున్నా మరిదీ!"

"నోటి సంగతి నువ్వే చెప్పాలి వదినా" అని నవ్వాడు.

కాసేపటికి బాట అవతలి మలుపులో అతను బాట పక్కన అడ్డంగా కట్టిన తాడు దాటి ఒక కొమ్మ పట్టుకోవడం చూసింది. పిల్లలు ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. కేక గొంతుదాకా వచ్చింది, మింగేసింది. వద్దు వద్దని రెండు చేతులూ ఊపింది. అతని మొహం వెలిగిపోయింది. ఒక చెయ్యి తనూ ఊపి, రెండో చేత్తో కొమ్మను దులిపాడు.

కొమ్మంతా నారింజ రంగుగా పైకి లేచింది. ఆమె ఇంకా గట్టిగా చేతులూపింది. అతను ఇంకోసారి దులిపాడు. పరిగెడదామంటే బాట నిండా రాలిన సీతాకోకలు, ప్రాణంతోనే రెక్కలు కొట్టుకుంటున్నాయి. చూసి చూసి అడుగు వేసుకుంటూ ఆమె చేరేసరికి కొమ్మ బోసిపోయింది.

మరిది ఆమె చెవి దగ్గరికి వంగి గర్వంగా గుసగుసలాడాడు.

"చూశావా వదినా, ఒక్కడంటే ఒక్కడు నోరు మెదపలేదు."