అడిగే వంతు

శ్రీకాకుళం వెళ్ళే బస్సు ఒకటి కళ్ళముందే కదిలి వెళ్ళిపోయింది. ఈశ్వరి లేవలేదు. ఇంకొకటి వచ్చి ఆగింది. కండక్టరు దిగి టీ తాగి మళ్ళీ ఎక్కాడు. అయినా లేవలేదు. రాజాం బస్టాండులో ఆ సిమెంటు బెంచీ మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూచుంది. జగన్నాధం ఇంకా రాలేదు.

మూడు వారాలుగా ఇదే తంతు. మొదటి వారం మోకాళ్ళన్నాడు. రెండో వారం మిల్లులో లోడన్నాడు. పోయిన వారం ఏ వంకా దొరక్క వానన్నాడు. రాజాంలో వాన పడితే శ్రీకాకుళంలో రక్తం తీయడం మానేస్తారు కాబోలు. నిన్న సాయంత్రం ఆమెకి ఓపిక అయిపోయింది. ఫోన్ చేసి, "రేపు రాకపోతే మరింక నా గుమ్మం తొక్కొద్దు" అని పెట్టేసింది.

ఈశ్వరికి నలభై ఆరేళ్ళు. బియ్యం మిల్లులో చిరిగిన గోనెలకి మాసికలు వేస్తుంది. జగన్నాధం అదే మిల్లులో కాటా దగ్గర ఉంటాడు, అందరికీ కాటా జగన్నాధమే. ఆమెకి మొగుడు పోయాడు, అతనికి పెళ్ళాం పోయింది. ఐదేళ్ళుగా ఒకరికొకరు. మరి పెళ్ళి చేసుకోవచ్చు కదా అనేవాళ్ళకి ఒక దండం. అతనికి బడిపంతులుగా చేసే కొడుకున్నాడు, నోరు తెరిస్తే పరువంటాడు. ఆమెకి బొబ్బిలి ఇచ్చిన కూతురుంది, ఆ పిల్ల అత్తగారు ఎక్కడ మాట దొరుకుతుందా అని కాచుకుని కూచునే మనిషి. అందుకని వీళ్ళ కాపురమంతా ఈశ్వరి ఇంటి పెరటి తలుపు దగ్గరే మొదలై అక్కడే అయిపోతుంది.

ఆ తలుపుకి ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ఏడాదికి రెండుసార్లు ఇద్దరూ శ్రీకాకుళం వెళ్ళి రక్తం ఇచ్చి రావాలి. ఎయిడ్సు, సిఫిలిస్, ఇంకా వాళ్ళు చూసేవన్నీ చూపించుకోవాలి. మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు జగన్నాధం మొహం మాడ్చుకున్నాడు.

"నామీద అనుమానమేటి?" అన్నాడు.

"నాకూ సేత్తారు గదా బావా. మరి నామీద ఎవులికి అనుమానం?" అంది. దానికి నవ్వేసి ఒప్పుకున్నాడు.

ఊరికే పుట్టిన షరతు కాదది. ఆమె మొగుడు లక్ష్ముడు లారీ డ్రైవరు. బంగారంలాంటి మనిషే, కానీ పరీక్ష మాటెత్తితే చాలు, "నానేటి తప్పుడు మనిషినా?" అని కంచం తోసేసేవాడు. నలుగురు కలిసి ఆసుపత్రికి మోసుకెళ్ళాక గానీ అది ఎయిడ్సని బయటపడలేదు. అప్పటికి చెయ్యి దాటిపోయింది. ముందే తెలిసుంటే రోజూ మాత్ర వేసుకుంటూ ఈపాటికి ఎక్కడో లారీ తోలుతూ ఉండేవాడని డాక్టరమ్మ అంది. ఈశ్వరికి మాత్రం ఏ రోగమూ అంటలేదు. ఎలా తప్పించుకుందో డాక్టరమ్మకే అంతు చిక్కలేదు.

అప్పట్నించి అడిగే మనిషి తనే అయింది. సూది గుచ్చితే చీమ కుట్టినట్టుంటుంది, దానికేం. వెళ్ళే రోజు చూసేది తనే, ఫోన్ చేసేది తనే, బతిమాలేది తనే, ఆఖరికి కోపం తెచ్చుకునేదీ తనే. ఐదేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి, "ఈశ్వరీ, ఎప్పుడెల్దాం?" అని అతనుగా అడిగిన పాపాన పోలేదు. అలా అడిగితే వినాలని ఆమెకి ఎంత ఆశో. ఆ ఆశ కూడా అరిగిపోయి ఇప్పుడు విసుగు మిగిలింది.

మూడో బస్సు కదలబోతుంటే జగన్నాధం వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. ఆమె వైపు చూడకుండా వెనక తలుపునుంచి ఎక్కేశాడు. ఆమె ముందునుంచి ఎక్కింది. ఎప్పుడూ అంతే. ఆమె ఆడవాళ్ళ సీట్లలో, అతను వెనక. ఊరివాళ్ళు ఎవరుంటారో ఏమో, శ్రీకాకుళం దాకా ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనట్టే.

"ఆధార్ సూపించమ్మా" అన్నాడు కండక్టరు.

సంచీ అంతా వెతికింది. కార్డు లేదు. ఇతన్ని రప్పించే గొడవలో పడి ఇంటి దగ్గరే మర్చిపోయింది. ఆడవాళ్ళకి బస్సు ఊరికే అని ఊరంతా తిరుగుతుంటే తను మాత్రం టిక్కెట్టు కొనుక్కుంది. ఈ రోజు ఎలా గడుస్తుందో అప్పుడే తెలిసిపోయిందనుకుంది.

పెద్దాసుపత్రిలో ఆ గది మీద 'సురక్ష' అని రాసి ఉంటుంది. తెలియనివాళ్ళు ఇన్సూరెన్సు ఆఫీసనుకుని వచ్చినా ఆశ్చర్యం లేదు. లోపల కౌన్సిలర్ పరంజ్యోతి వాళ్ళిద్దర్నీ చూడగానే గుర్తుపట్టి కూచోమంది. రక్తం తీశారు. సాయంత్రంలోగా చెబుతామన్నారు.

మామూలుగా ఈ ఎదురుచూపుల వేళే వాళ్ళకి పండగ. తెలిసినవాడు ఒక్కడూ లేని ఊరు. హోటల్లో ఎదురెదురుగా కూచుని పెసరట్టు తింటారు. కిందటిసారి అతను ఆమె ప్లేట్లో ఉప్మా తీసుకుని తన పచ్చడి ఆమెకి వేశాడు. సర్వరు వాళ్ళని మొగుడూ పెళ్ళాలనే అనుకున్నాడు, ఆమె కాదనలేదు. ఈసారి జగన్నాధం ఆకలి లేదన్నాడు. వరండాలో బల్ల మీద కూచుని చేతులు నలుపుకుంటూ ఉండిపోయాడు. ఏదో ఉందని ఈశ్వరికి తెలుస్తూనే ఉంది. అయినా ఏమీ అడగలేదు. ఇప్పుడు కూడా తనే అడగాలా అనిపించింది.

పరంజ్యోతి ముందు అతన్నొక్కణ్ణే పిలిచింది. లోపల చాలాసేపే ఉన్నాడు. బయటికొచ్చి ఆమె పక్కన కూచోకుండా నిలబడ్డాడు.

"నాకు సిఫిలిస్ అంట" అన్నాడు. "ఎయిడ్సు నేదంట. నువ్వే సెప్పమ్మా అంటే, ఆవిడ నా నోటితోనే సెప్పమంది."

"సెప్పు మరి."

"వేసవిలో రాయగడ లోడుకి ఎల్లినాను గదా. డ్రైవరూ నానూ తాగినాం. ఎవులిదో ఇంటికి తీసుకెల్లినాడు. ఒక్క పాలే ఈశ్వరీ, మల్లీ ఎల్లనేదు. తర్వాత సిన్న పుండు లేసింది. నొప్పీ నేదు, ఏటీ నేదు. బయపడి ఎవులికీ సెప్పనేదు. కొన్నాల్లకి దానంతటదే మానిపోయింది. ఇంకేటి నేదనుకున్నాను."

"మానినాక నా ఇంటికొచ్చినావు."

"మానినాకే వచ్చినాను. అంతకు ముందు రానేదు. ఒట్టు."

ఆ ముక్కని అతను తన మంచితనానికి సాక్ష్యంలా చెప్పుకున్నాడు. ఈశ్వరికి ఒళ్ళు మండింది. లేచి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ చెయ్యి లేపడానికి కూడా ఓపిక కావాలి. లక్ష్ముడు కూడా జ్వరం వచ్చి పోయిన ప్రతిసారీ తగ్గిపోయిందనే చెప్పేవాడు. ఈ మగాళ్ళ ఒంట్లో అన్నీ వాటంతటవే తగ్గిపోతాయి, బాధ మాత్రం ఇంకొకరి దగ్గరికి నడిచొస్తుంది.

"అంతా మానిపోయిందనుకున్నప్పుడు, ఈ మూడు వారాలూ ఏల తప్పించుకు తిరిగినావు?"

జగన్నాధం చేతిలో చీటీని మడతల మీద మడతలు పెట్టాడు.

"అంటే నీ మనసుకి తెలుసు" అంది. కళ్ళనీళ్ళు రాలేదు, అదే ఆమెకి వింతగా అనిపించింది.

తర్వాత పరంజ్యోతి ఆమెని పిలిచింది. నీ రక్తంలో ఏమీ కనబడలేదంది. ఈశ్వరి ఊపిరి పీల్చుకునేలోపే, అయినా నువ్వూ ఇంజెక్షన్ చేయించుకోవాలంది.

"నాకేటీ నేదన్నారు గదమ్మా. మరి నాకెందుకు?"

"అంటుకున్న కొత్తలో పరీక్షలో తెలియకపోవచ్చమ్మా. ఆయన ఈ మధ్యే నీ దగ్గరికి వచ్చారు కదా. అందుకని మందు వేసేస్తాం. మూడు నెలలు పోయాక ఇద్దరూ మళ్ళీ వచ్చి చూపించుకోవాలి. అందాకా దూరంగా ఉండండి." పాత రిజిస్టరు తిప్పి చూపించింది. "కిందటిసారి పరీక్షలో ఆయనకి లేదు. అందుకే ఇది కొత్తదని తేలిపోయింది, ఈ ఒక్కరోజు ఇంజెక్షన్లతో సరిపోతుంది. మీరు క్రమం తప్పకుండా రాకపోయుంటే, పుండు మానిందని ఇల్లు కదలకపోయుంటే, ఇది లోపలే ఉండి ఎన్నేళ్ళకో గుండెకో మెదడుకో పట్టేది. నువ్వు పట్టుబట్టి తీసుకొచ్చావు చూడు, అదే ఆయన్ని కాపాడింది."

మెచ్చుకోలు వినడానికి బాగుంది. కానీ పట్టుబట్టి పట్టుబట్టి తన ఎముకలు అరిగిపోయాయని ఈ తల్లికి ఎవరు చెబుతారు?

ఆ ఇంజెక్షన్ మామూలుది కాదు. చిక్కటి మందు, రెండు పక్కలా చెరొకటి. ఎవరో రాయగడలో తిరిగినందుకు తన తుంట్లకి శిక్ష పడింది. పళ్ళబిగువున ఓర్చుకుంది. బయట జగన్నాధం గోడ పట్టుకుని కుంటుతున్నాడు. తనూ గోడ పట్టుకుంది. ఎవరైనా చూస్తే ఇద్దరూ ఒకే మెట్టు మీంచి జారిపడ్డారనుకుంటారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

తిరుగు బస్సు నిండా రాజాం వాళ్ళే. మిల్లు దగ్గర కొట్టు పెట్టుకున్న సోములు కూడా ఉన్నాడు. ఈశ్వరికి ముందు ఇద్దరు కూచునే సీటు దొరికింది. ఒక తుంటి మీద ఒరిగి కూచుంది, ఆడవాళ్ళ సీటు కాబట్టి పక్కన ఖాళీగానే ఉంది. జగన్నాధం వెనక కమ్మీకి వేలాడుతూ, బస్సు గతుకులో పడ్డప్పుడల్లా మొహం చిట్లిస్తున్నాడు. కాసేపు చూసింది. ఐదేళ్ళ దాపరికం ఒక్కసారిగా మోయలేని బరువైపోయింది. ఎవరి కోసం ఇదంతా అనిపించింది.

"బావా, ఇటొచ్చి కూకో" అని బస్సంతా వినబడేలా పిలిచింది.

సోములు తల తిప్పాడు. జగన్నాధం తడబడుతూ వచ్చి సీటు చివర ఒదిగాడు.

"సోములు సూస్తన్నాడు" అన్నాడు గొంతు తగ్గించి.

"సూడనీ. నాకింక ఓపిక నేదు."

"నన్ను సమించీసినావా?"

"నేదు. నువ్వు నిలబడనేకపోతన్నావు, సీటు ఖాళీగున్నాది. అంతే." కిటికీ వైపు తిరిగి చెప్పింది. "తలుపు మాత్రం తియ్యను. మూడు నెల్లు పోయినాక మల్లీ రమ్మన్నారు గదా, ఆ రోజు నాను గుర్తుసెయ్యను. ఫోన్ సెయ్యను. ఇన్నాల్లూ నాను అడిగినాను. ఇంక నీ వంతు. నువ్వడక్కపోతే నానొక్కదాన్నే ఎల్లి సూపించుకుంటాను. ఆ తర్వాత నువ్వెవులో నానెవులో."

అతను అక్కడికక్కడే ఏదో చెప్పబోయాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యి చూపించింది. రాజాం దాకా ఇద్దరూ చెరో తుంటి మీద ఒరిగి కూచున్నారు.

మర్నాటికి సోములు పుణ్యమా అని మిల్లంతా తెలిసింది. కొందరు ముసిముసిగా నవ్వారు, కొందరు మొహాలు తిప్పుకున్నారు. జగన్నాధాన్ని అతని కొడుకు ఏమన్నాడో ఆమె అడగలేదు. కూతురు ఫోన్ చేసి ఏడ్చింది, తర్వాతి వారం మామూలుగా మాట్లాడింది. అంతే జరిగింది. ఇన్నేళ్ళు దీనికా భయపడిందని ఈశ్వరి తనని తానే తిట్టుకుంది.

కానీ తలుపు మూసిన ఇల్లు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. వినాయక చవితి వెళ్ళింది. దసరా వెళ్ళింది. మిల్లులో కాటా దగ్గర అతను, గోనెల దగ్గర తను. తలెత్తితే కనబడతాడు. నోటిదాకా వచ్చిన మాటని రోజూ మింగేది. గుర్తుందో లేదోనని గుండె పీకేది. అడగడం కంటే అడక్కుండా ఉండడం ఇంత కష్టమని ఆమె అనుకోలేదు. కార్తీకం వచ్చేసరికి ఆశ వదులుకుంది. ఒక్కర్తే వెళ్ళడానికి రోజు చూసుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం గోనెకి మాసిక వేస్తుంటే ఫోన్ మోగింది. చూస్తే అతనే. కాటా దగ్గరనుంచి, కూతవేటు దూరంలో నిలబడి ఫోన్ చేస్తున్నాడు.

"ఈశ్వరీ, రక్తం పరీక్షకి ఎప్పుడెల్దాం?" అన్నాడు. ఆమె తలెత్తి కాటా వైపు చూసింది. అటునుంచి చూస్తూ మళ్ళీ తనే అన్నాడు. "రేపు పొద్దున్న తొలి బస్సుకి ఎల్దాం. ఆధార్ కార్డు ఇప్పుడే సంచీలో పెట్టుకో, మల్లీ మర్సిపోతావు."

"ఊఁ" అంది. దబ్బనం గోనెకి గుచ్చి వదిలేసి, కొంగుతో మొహం కప్పుకుని, ఎన్నాళ్ళకో కరువుతీరా ఏడ్చింది.