రంగం డబ్బా

నేను ఒక కిరసనాయిలు డబ్బాను. పుట్టింది బర్మాలో, సిరియం చమురు కర్మాగారం పక్కనున్న రేకుల షెడ్డులో. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అంటారు. పొట్ట చేతపట్టుకుని ఆ రంగానికి వచ్చిన గురువులు నా అంచులకు టంకం వేశాడు. నా నిండా నూనె పోశారు. దాన్ని ఏ ఇంట్లో దీపానికి మోస్తానో అనుకుంటూ ఉండగానే విమానాలు వచ్చాయి.

ఇది ఇంగ్లీషువాళ్ళ నూనె అని జపానువాళ్ళు బాంబులు వేసి తగలబెట్టారు. ఆ మసి పొయ్యి మసిలాంటిది కాదు. ఆరేసిన చీరల మీద, వార్చిన అన్నం మీద, పాలు తాగే పిల్లల పెదాల మీద జిడ్డుగా పేరుకుంది.

గురువులు నాలోని నూనె పారబోసి, నిండా మంచినీళ్ళు పోసి భార్య తవిటమ్మను ఓడ ఎక్కించాడు.

"నువ్వు రావేటి మావా?"

"మగోల్లని దిగిపొమ్మంతన్నారు. ఈ మంటలు సల్లారనీ, నీ యెనకే వచ్చెత్తాను. డబ్బా జాగర్త, నా సేతి పని."

భీమునిపట్నంలో తవిటమ్మ నాతో ఇళ్ళకు నీళ్ళు మోసింది. నీళ్ళు కిరసనాయిలు కంపని అందరూ సణిగేవారు. ఈలోగా రంగం జపానువాళ్ళ వశమైంది. రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున మేము నీళ్ళు తెచ్చేసరికి, ఆ ఇంటి జోగారావు మాస్టారు అరుగు మీద పేపరు చదువుతూ తొడ చరిచారు.

"కామాక్షీ, పాయసం వండు! సిరియంలో శత్రువు నూనె మీద మనవాళ్ళు బాంబులు కురిపించారు!"

మనవాళ్ళంటే ఇంగ్లీషువాళ్ళు. తవిటమ్మ నన్ను దించింది.

"సత్రువు నూనేటి బాబూ? అది మా షెడ్డు. మా మావ అక్కడే ఉన్నాడు."

"అప్పుడు మనదే. ఇప్పుడు వాళ్ళది."

"నూనె సరే బాబూ. మడిసి?"

మాస్టారు పేపరు మడిచారు. ఆయన భార్య కామాక్షమ్మ తెచ్చిచ్చిన పాయసం గ్లాసు తవిటమ్మ అరుగు మీదే వదిలేసి వచ్చింది. ఆ యాలకుల వాసన కంటే నా కంపే నయమనిపించింది.

యుద్ధం ముగిసింది. గురువులు రాలేదు, ఉత్తరమూ రాలేదు. కులపెద్దలు వచ్చి గాజులు తీయమన్నారు. తవిటమ్మ నన్ను బోర్లించి, నా మీద కూర్చుని అడిగింది.

"సచ్చినోడు మనోడో, సత్రువో ముందు మీరు తేల్సండి. అప్పుడు తీత్తాను."

ఎవరూ తేల్చలేదు. ఆ గాజుల చేతులతోనే చివరిదాకా నన్ను మోసింది.

ఇప్పుడు పాత ఇనప సామాన్ల కొట్టు వెనక పడి ఉన్నాను. అడుగు తుప్పుపట్టి రాలిపోయింది. గురువులు వేసిన టంకం మాత్రం ఊడలేదు. కిరసనాయిలు కంపని దాటిపోయేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మూసుకోవలసిన రోజున పాయసం తాగారు.