గుమ్మం ముందు సంచీ

గుండెకు స్టెంటు వేశాక, చాలిక అనుకుని, మసీదు వీధిలో నేను పెట్టిన సహాయ సంస్థ పగ్గాలు నా దగ్గరే పని నేర్చుకున్న తస్లీమాకు నేనే అప్పగించాను. శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆ మర్నాటి నుంచి నా ఫోను మూగబోయింది.

పాతికేళ్లు తుఫాను ఎక్కడ పడితే అక్కడ ఉన్నవాణ్ని. ఇప్పుడు వరహా నది పొంగి ఏటికొప్పాక వైపు ఇళ్లు మునిగాయంటే టీవీలో చూస్తూ కూర్చోవాలట! నర్సీపట్నంలో మా గోదాము ముందు వ్యాన్లు నిండుతుంటే నా ప్రాణం కొట్టుకుపోయేది. వారం రోజులు రోజూ వెళ్లాను. టీ ఇచ్చేవారు, తాగేవాణ్ని.

"ఏమైనా కావాలా చాచా?" అనేది తస్లీమా.

"ఏం లేదమ్మా, ఊరికే ఇలా వచ్చాను."

రమ్మని ఆ పిల్లే పిలవాలి గాని, నా సంస్థలో నన్నూ తీసుకెళ్లండని నేను దేబిరించాలా?

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నోరిప్పి అడగండి, మీ సొమ్మేటి పోద్ది?" అని మా ఆవిడ జులేఖా సాధించేది. నేను వింటేనా!

నిన్న తెల్లవారుజామున ఫజర్ నమాజుకు వెళ్దామని తలుపు తీస్తే గుమ్మం ముందు సంచీ. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్టు. దాని మీద మా సంస్థ ముద్రే.

జులేఖా నవ్వాపుకోలేకపోయింది. "మీరు నేర్పిన విద్దే కదండీ!"

నిజమే. పరువుగలవాడు చెయ్యి చాచడు; ఆఫీసుకొచ్చి, కాసేపు కూర్చుని, ఏం లేదని వెళ్లిపోతాడు. అలాంటివాణ్ని ఆరా తీసి చంపకండి, తెల్లారకముందే గుమ్మంలో పెట్టి వచ్చేయండి అని వాళ్లకు నూరిపోసింది నేనే.

అయినా ఒళ్లు మండిపోయింది. సంచీ భుజాన వేసుకుని గోదాముకు వెళ్లాను. వ్యాను బయలుదేరబోతోంది.

"ఏటండీ సాయిబుగారూ, ఆ బరువేటి? గుండె జాగర్త!" అంటూ డ్రైవరు దేవుళ్లు దిగి సంచీ అందుకున్నాడు.

తస్లీమా ముఖం పాలిపోయింది. "మీరు రోజూ వచ్చి ఏమీ చెప్పకుండా వెళ్తుంటే, ఆపరేషను తర్వాత ఇబ్బంది పడుతున్నారేమో అనుకున్నాం చాచా. తప్పయితే క్షమించండి."

దులిపేద్దామనే వచ్చాను. కానీ పిల్ల చేసినదాంట్లో తప్పేముంది? నా ముఖంలో లేమి చూసింది. లేనిదేమిటో నేనెప్పుడు చెప్పాను గనక!

"బియ్యం వద్దమ్మా. నన్నూ తీసుకెళ్లు," అన్నాను. "ఏ పనైనా సరే. ఇంట్లో ఉండలేకపోతున్నాను."

అడిగేశాను. తల ఎత్తలేకపోయాను. నా బల్ల ముందు ఇలా ఎంతమంది నిలబడ్డారో, యా అల్లా! ఇంత కష్టమని ఒక్కరూ చెప్పలేదు.

తస్లీమా వ్యాను ముందు తలుపు తీసి, తన సీటు నాకిచ్చి, తాను వెనక బస్తాల మీదికి ఎక్కింది.

"బేగి కూకోండి, వానొచ్చేస్తంది," అన్నాడు దేవుళ్లు.

కూర్చున్నాను. నేను ఏడుస్తున్నానని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ రోడ్డు వైపే చూశారు.